గాలికి ఎదురు వెళ్లిన తోడేళ్లు

అనగనగా చెట్టన్నదే మొలవని ఒక మంచుదేశం. లోపలి నేల తోడేళ్లది. సముద్రపు ఒడ్డు తెల్ల ఎలుగుబంట్లది. తాతల కాలంలో ఒకరినొకరు కొట్టుకు చచ్చారు. చివరికి బుద్ధొచ్చి ఒక ఆచారం పెట్టుకున్నారు. ఏమిటో తెలుసా? పొరుగువారి దగ్గరికి గాలిని వీపుకు పెట్టుకునే వెళ్లాలి. అప్పుడు మన వాసన ముందే చేరుతుంది. "చుట్టాలొస్తున్నారు" అని వాళ్లకి తెలుస్తుంది. వాసన దాచుకుని ఎదురుగాలిలో వచ్చేవాడు చంపడానికొచ్చినట్టే!

ఆ ఏడు జింకల మందలు రాలేదు. తోడేళ్ల నాయకుడు కోరడి చిన్నపిల్ల ఆకలికి ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది.

"ఎలుగుల దగ్గర సీల్ అనే సముద్రపు జంతువు కొవ్వుంది, అడుగుదాం పదరా," అంది ముసలి తోడేలు బూడిదవ్వ. "వేసవిలో వాళ్లు పస్తుంటే మనం మాంసం పెట్టలేదూ?"

"వెళ్దాం. కానీ చుట్టు తిరిగి ఎదురుగాలిలో వెళ్దాం. వాళ్లు మన మీద పడితే? ఊరికే, జాగ్రత్త కోసం," అన్నాడు కోరడు.

"వద్దురా నాయనా, ఆచారం తప్పకు!"

వింటేనా! దారిలో ఏటి దగ్గర అవ్వ మళ్లీ బతిమాలింది. వినలేదు. ఒడ్డు దగ్గరికొచ్చేసరికి గాలిలో కొవ్వు వాసన గుప్పుమంది. "చూడరా, మనకోసమే తీసిపెట్టారేమో!" అంది.

"ఎర అది," అన్నాడు కోరడు.

మంచు దిబ్బ వెనక నుంచి తోడేళ్లు ఒక్కసారిగా బయటపడ్డాయి. అక్కడ తెల్లక్క అనే తల్లి ఎలుగు కూర్చుని ఉంది. ఉలిక్కిపడి, పిల్లకి అడ్డంగా లేచి నిలబడింది. అంతే, కోరడు దాని గొంతు పట్టి కూల్చేశాడు.

"అమ్మా!" అని ఎలుగుపిల్ల గొల్లుమంది. "మీ పిల్లల ఏడుపు విని ఆ కొవ్వు మీకే తీసింది! ఆచారం తప్పకూడదని, గాలి తిరిగాక వెళ్దామని కూర్చుంది!"

బూడిదవ్వ కిందికి చూసింది. కొవ్వు అంతా మెత్తగా నమిలి, చిన్న నోళ్లకి సరిపోయే ముద్దలుగా పెట్టి ఉంది. అవ్వ ఏడ్చింది.

ఇంతలో మిగతా ఎలుగులు అరుచుకుంటూ వచ్చాయి. తోడేళ్లు ముద్దలన్నీ అక్కడే వదిలేసి పరుగో పరుగు.

కోరడు ఉత్త నోటితో ఇంటికెళ్లాడు. చిన్నపిల్ల అప్పటికే చల్లబడిపోయింది.

"చూశావా అవ్వా, వాళ్లని నమ్మకూడదనలేదూ?" అన్నాడు.

అవ్వ వాడితో మళ్లీ మాట్లాడలేదు. ఇప్పుడు అక్కడ అందరూ ఎదురుగాలిలోనే నడుస్తారు.

నీతి: అనుమానంతో పొరుగుకి వెళ్లినవాడికి పెట్టే చెయ్యి కూడా కొట్టే చెయ్యిలాగే కనిపిస్తుంది.