గోరింక అప్పజెప్పిన పాఠం

చలికాలం వచ్చిందంటే ఆ సరస్సు మీద ఆకాశం సంతరోజు బజారులా కిక్కిరిసిపోతుంది. పరజలనే చిన్న చిన్న బాతులు గుంపులుగా వస్తాయి. పడవలంత ఉండే సంచి మూతి గూడబాతులు దండుగా వస్తాయి. పగలంతా మేసి, సాయంకాలం అందరూ ఒకేసారి నీటిమీద దిగాలంటారు. ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరు ఎక్కడ అని చెప్పేవారు లేకపోతే రెక్కలు విరుగుతాయి. మనుషులు తమ విమానాల కోసం ఈ పనిని ఎత్తైన గాజు గదిలో కూర్చొని చేస్తారట. ఆ సరస్సుకు మాత్రం నడుమనున్న మోడుతుమ్మ కొమ్మ ఒకటి చాలింది. దానిని కావలి కొమ్మ అనేవారు.

ఆ కొమ్మ మీద ఏళ్ల తరబడి నిలిచినవాడు స్థిరపాదుడనే ముసలి కొంగ. మాట తక్కువ. "నీళ్లలో నిలబడితే దొంగజపమన్నారు. కొమ్మ మీద నిలబడితే కావలి అన్నారు. నిలబడటం ఒకటే" అని ఎప్పుడో ఒకసారి అన్నాడు. అంతకు మించి తన గురించి చెప్పుకోలేదు. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. కొమ్మ మీదినుంచి వచ్చిన ఆజ్ఞను, దిగే పక్షి తిరిగి పలకాలి. దాని పేరు మారుపలుకు. మారుపలుకు సరిగా వినిపించనిదే ఎవరి కాలూ నీటిని తాకరాదు.

ఇప్పుడాయనకు చూపు మందగించింది. ఒకరిని శిష్యరికానికి తీసుకుంటానని, పున్నమినాటి మధ్యాహ్నం ఇంటర్వ్యూకు రమ్మని చాటించాడు.

గట్టు మీది తాటిచెట్టు తొర్రలో ఉండే చతురిక అనే గోరింక ఆ మాట విని ఆ పూట మేత ముట్టలేదు. కిందటి ఏడు మంచులో రెండు గుంపులు ఢీకొన్నప్పుడు ఒక పరజ రెక్క విరిగి నీటి అంచున ఉన్న కిక్కిస గడ్డి పొద దగ్గర పడింది. చతురిక తొర్రలోంచి అరిచింది. గోరింక గోలను పట్టించుకొన్నవారు లేరు. తెల్లవారేసరికి పొద దగ్గర ఈకలు మాత్రమే మిగిలాయి. తిన్నదెవరో ఎవరూ చూడలేదు. తన మాట ఆకాశానికి వినిపించే చోట నిలబడాలని ఆమె ఆనాడే అనుకొంది.

పొరుగు కొమ్మ మీది కాకి నవ్వింది. "ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట. నీటి పక్షివైనా కావు, నీకెందుకమ్మా ఈ కొలువు?"

"నువ్వు నీటి పక్షివా బావా?"

"నాకు మేనమామ ఉన్నాడు. పెద్దాయనకు కబురు వెళ్లింది. ఇక నా ఇంటర్వ్యూ లాంఛనం."

మేనమామ లేనివారికి గురువే దిక్కు. గట్టు కింద తుమ్మకంప నీడలో ఒక నక్క ఇంటర్వ్యూలకు పాఠాలు చెబుతుండేది. పేరు వినయశీలుడు. ఆ పేరు పెట్టినవారు వేరెవరూ లేరు, తానే పెట్టుకొన్నాడు. చతురిక కంప మీద వాలి, కిందికి దిగకుండానే నమస్కరించింది.

"నక్క తోక తొక్కితే అదృష్టమంటుంది లోకం" అన్నాడు వినయశీలుడు. "తొక్కినవారికే అంత పడితే, చదువుకొన్నవారికి ఎంత పట్టాలి కోడలా? చెప్పు, నీ బలహీనత ఏమిటి?"

"మంచులో భయపడతాను మామా."

"అలా చెబితే ఇంటికి పంపుతారు. అతిగా శ్రమించడమే నా బలహీనత అనాలి."

"అది అబద్ధం కదా."

"అబద్ధం కాదు తల్లీ, ఇంటర్వ్యూ. సరే, అసలు ప్రశ్న ఇది. గూడబాతులూ పరజలూ ఒకేసారి వస్తే ఏం చేస్తావు? నేను చెబుతాను, అప్పజెప్పు. చిన్నవారి పట్ల దయ చూపుతాను. పరజలను ముందు దింపుతాను. కిక్కిస పొద పక్కన దింపుతాను." అంటూ వినయశీలుడు గుటక వేశాడు. ఆపై గొంతు తగ్గించి, "లేతవి" అన్నాడు.

"గొంతు ఎండిందా మామా?"

"వయసమ్మా. నువ్వు అప్పజెప్పు."

గోరింక జాతికి ఒక గుణం ఉంది. విన్నదానిని విన్నట్టే దాచుకొంటుంది. దగ్గును దగ్గులాగే, తలుపు చప్పుడును తలుపు చప్పుడులాగే. అందులో ఏది పాఠం, ఏది పాఠం కాదు అని ఏరుకోవడం దానికి తెలియదు. చతురిక పున్నమి వరకు ఆ జవాబును వల్లె వేసింది. అర్థం ఎన్నడూ అడగలేదు.

ఆనాడు కాకి ముందుగా వెళ్లి, అంతకన్నా ముందుగా తిరిగి వచ్చింది.

"ఏమడిగారు బావా?"

"మా మేనమామ ఎలా ఉన్నాడని అడిగారు. బాగున్నాడన్నాను. అయితే అక్కడికే వెళ్లమన్నారు."

చతురిక కావలి కొమ్మ చివర వాలి రెక్కలు సర్దుకొంది. "నమస్కారం తాతగారూ. అతిగా శ్రమించడమే నా బలహీనత."

"నేను అడగలేదు" అన్నాడు స్థిరపాదుడు.

 ఆయన ఆకాశం చూస్తూనే ఉన్నాడు. పొద్దు వాలింది. చివరికి అడిగాడు. "గూడబాతులు, పరజలు ఒకేసారి వస్తే?"

నేర్చిన ప్రశ్నే వచ్చినందుకు ఆమె ప్రాణం లేచి వచ్చింది. "చిన్నవారి పట్ల దయ చూపుతాను. పరజలను ముందు దింపుతాను. కిక్కిస పొద పక్కన దింపుతాను." ఆపై గుటక. ఆపై, గొంతు తగ్గించి, "లేతవి."

స్థిరపాదుడు మెడ తిప్పాడు. "మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పింది. అదే చోట అదే గుటక, అదే మాట.

"గోరింకలు గుటకలు వేస్తాయని నేను వినలేదు. పరజలు లేతవని నీకెవరు చెప్పారు?"

 తన నోటినుంచి వచ్చిన చప్పుడును చతురిక మొదటిసారి తానే విన్నది. గుటక, కిక్కిస పొద, కిందటి ఏటి ఈకలు. మూడూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలిచాయి. నిజం చెబితే కొలువు పోతుంది. చెప్పకపోతే పరజలు పోతాయి.

"జవాబు నాది కాదు తాతగారూ. వినయశీల మామ నేర్పాడు. గుటక కూడా ఆయనదే. అర్థం తెలియకుండా అప్పజెప్పాను. సెలవు ఇప్పించండి."

"వెళ్లమన్నానా?" అన్నాడు స్థిరపాదుడు. "అరువు జవాబుకు విలువ లేదు. కాని విన్నదానిని గుటకతో సహా తిరిగి పలికావు. ఈ కొమ్మ మీద అరవగలవారు చాలామంది వచ్చారు, వినగలవారు రాలేదు. అదిగో రెక్కల చప్పుడు, వస్తున్నారు. నీ జవాబు చెప్పు."

పడమటినుంచి గూడబాతుల దండు, ఉత్తరంనుంచి పరజల గుంపు.

"పరజలు తేలిక, గాలిలో మరొక చుట్టు తిరగగలవు. గూడబాతులు బరువు, వాలడం మొదలుపెడితే ఆగలేవు. కాబట్టి గూడబాతులే ముందు."

"ఎక్కడ?"

చతురిక ఒక్క క్షణం ఆలోచించింది. "కిక్కిస పొద పక్కనే."

ముసలి కొంగ కళ్లు మూసి తెరిచాడు. నవ్వాడని చెప్పలేము. "పిలువు" అన్నాడు.

"గూడబాతులు ముందు, కిక్కిస పొద పక్కన దిగండి. పరజలు ఆగండి."

"ఎవరిదీ గొంతు?" అని గూడబాతుల పెద్ద పైనుంచి అడిగాడు.

"కొమ్మది" అన్నాడు స్థిరపాదుడు.

ఇక ప్రశ్న రాలేదు. "గూడబాతులు ముందు, కిక్కిస పొద పక్కన" అని మారుపలుకు వచ్చింది. పరజలు మాత్రం ఆకలి తొందరలో "దిగుతున్నాం" అన్నాయి.

"దిగమనలేదు, ఆగమన్నాను. ఆగుతున్నామని పలకండి."

"ఆగుతున్నాం" అన్నాయి పరజలు, కొంచెం చిన్నబుచ్చుకొని.

ఆ సమయానికి వినయశీలుడు కిక్కిస పొద నీటి అంచున నోరు తడుపుకొంటూ కూర్చొని ఉన్నాడు. శిష్యురాలు కొమ్మ ఎక్కడం చూసి పాఠం పండిందనుకొన్నాడు. గూడబాతులన్న మాట చెవిన పడగానే, ఇది మనం చెప్పిన వరుస కాదే అని లేవబోయాడు. లేవనిస్తేగా. మొదటి గూడబాతు పాదాలు చాచి వీపు మీద దిగింది, రెండవది తోక మీద, మూడవది దిగుతూ దిగుతూ సంచి మూతితో నెత్తి మీద మొట్టింది. మిగిలిన దండు లేపిన బురద అలలో వినయశీలుడు గట్టు దాకా కొట్టుకొని పోయాడు. ఆ తరువాత చతురిక పిలిచినప్పుడు పరజలు దిగాయి. ఒక్క ఈక రాలలేదు.

"కోడలా, నేను నేర్పిన జవాబు ఇది కాదే" అన్నాడు వినయశీలుడు బురద కక్కుతూ.

"చోటు మీరు చెప్పిందే మామా. పక్షులనే మార్చాను."

గట్టు మీది కాకి ఊరుకోలేదు. "తోక తొక్కితేనే అదృష్టమంటావు కదయ్యా. ఈ గూడబాతులు నిన్ను నిలువునా తొక్కాయి. ఈ ఏడు వాటికి చేపలకు కొదవ లేదు."

కొమ్మ మీద స్థిరపాదుడు జరిగి, కొంత చోటు విడిచాడు. "రేపు పొద్దు పొడవకముందే రా."

"రేపు పొద్దు పొడవకముందే వస్తాను" అని మారుపలికింది చతురిక. ఈసారి గుటక లేదు.

వినయశీలుడు కుంటుతూ కంప నీడకు చేరి, ఆనాటినుంచి శిష్యులు ఎవరు వచ్చినా ముందు వారు గోరింక జాతివారా కాదా అని అడగడం నేర్చుకొన్నాడు.

నీతి: జవాబు అరువు తెచ్చుకొంటే, అరువిచ్చినవాడి ఆకలి కూడా దాని వెంటే వస్తుంది.