ఓబులేసు గాజులు

"నా కోడలి చెయ్యి ఆ తాగుబోతు చేతిలో పెట్టేదే లేదు!"

అట్లా అరిచింది ఎల్లక్క. ఎప్పుడంటారా? కొండలింకా చిన్నపిల్లలుగా ఉన్న కాలంలో. ఎవరినంటారా? సొంత వియ్యంకుణ్ణి, గాజులమ్మే ఓబులేసుని. ఏడోనెలలో కోడలికి శ్రీమంతం. గాజులు తొడగాల్సింది కన్నతండ్రే.

"నా బిడ్డకు ఇంకెవడో వచ్చి తొడుగుతాడా వదినా?" అని ఓబులేసు పెండ్లాం చెన్నక్క కొంగు బిగించింది.

"నీ మొగుడు తొడిగితే చిట్లుతాయి. శ్రీమంతంలో గాజు చిట్లితే మంచిదా? నువ్వే చెప్పు!"

నిజమే మరి. ఒకప్పుడు ఓబులేసు తొడిగితే గాజు నీళ్ళలాగా జారేది. కల్లుకుండతో చెలిమి ముదిరినాక సంతలో ఒకటి చిట్లింది. గాజుది తప్పన్నాడు. పెండ్లింట్లో ఒకటి చిట్లింది. ఆ పిల్లది మొద్దు చెయ్యన్నాడు. తిరనాళ్ళలో ఒకటి చిట్లింది. ఎండది తప్పన్నాడు. ఆయన చెయ్యి మాత్రం పాపం, ఏ తప్పూ చేయలే!

ఓబులేసు ఇంటికి రాగానే చెన్నక్క వియ్యపురాలి మాట చెప్పింది. "చూడే, నా చెయ్యి బండరాయి!" అని రెండు గాజులు వేళ్ళకు తగిలించుకుని చెయ్యి చాపినాడు.

గలగల, గలగల, గలగల.

కల్లు తాగొచ్చి చాపినాడు. గాజులు ఊరుకున్నాయి. తెల్లారి చాపినాడు.

గలగల, గలగల, గలగల.

చానాసేపు విన్నాడు. "చెన్నా," అన్నాడు మెల్లగా, "ఇది ఎండ కాదే."

మరి ఒట్టేయొచ్చు కదా? మూడేసినాడు అప్పటికే. దేవుడి మీదొకటి, ఆవు మీదొకటి, పెండ్లాం తల మీదొకటి. మూడూ తీసి గట్టు మీద పెట్టినాడు. అందుకే ఈసారి ఏరు దాటి, వైద్యం చేసే మస్తాన్ సాయిబు దగ్గరికి పోయినాడు.

"ఇంకో ఒట్టేస్తా సాయిబూ!"

"జరమొస్తే ఒట్టేస్తామా నాయనా?" నవ్వినాడు సాయిబు. "వైద్యం చేయించుకుంటాం. ఇదీ జబ్బే. ఒంటరిగా, ఉన్నట్టుండి మానితే పానం మీదికొస్తాది. ఈడే ఉండు. చెమట్లు పడతాయి, దయ్యాలు కనపడతాయి. నేను పక్కనే ఉంటా."

పట్టినాయి చెమట్లు. కనపడినాయి దయ్యాలు. సాయిబు పక్కనే ఉన్నాడు. కషాయం పోసినాడు, గంజి తాపినాడు, పొద్దున్నే చెయ్యి చాపమన్నాడు.

గలగల, గలగల, గలగల.

గలగల, గలగల.

గల.

ఒక పొద్దు గాజులు పలకనే లే. ఓబులేసే గంతులేసినాడు.

"పున్నమి పున్నమికీ వచ్చి కనపడు," అన్నాడు సాయిబు. "జబ్బు పోయింది గానీ, మీ ఇంటి దారి మర్చిపోలే."

గలగల ఆగిందని విని ఒప్పుకున్న ఎల్లక్క, శ్రీమంతం నాడు కన్నార్పకుండా చూసింది. ఓబులేసు కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఒకటి జారింది. రెండోది జారింది. చేతినిండా జారినాయి. ఒక్కటన్నా చిట్లలే.

ఎల్లక్క ముందుకొచ్చి లావుపాటి చెయ్యి చాపింది. "నాకూ తొడుగన్నా."

టప్!

అందరూ ఓబులేసు వైపు తిరిగినారు. ఎల్లక్క తన చెయ్యి తనే చూసుకుని పకపకా నవ్వింది. "మా అన్నననొద్దు! ఈసారి తప్పు నా మొద్దు చేతిదే!"

ఓబులేసు పోయి ఎన్ని తరాలైందో. ఆ పక్క ఊర్లల్లో ఇప్పటికీ ప్రతి ఇంట్లో చిలక్కొయ్యకు రెండు గాజులు వేలాడతాంటాయి. "నాకేం అలవాటా? ఎప్పుడంటే అప్పుడు మానేస్తా" అన్నోడి వేళ్ళకు తగిలిస్తారు. మోగితే ఎవరూ తిట్టరు, ఒట్టేయించరు. "జరమొస్తే ఒట్టేస్తామా?" అంటా బండి కట్టి వైద్యుడి దగ్గరికి తోలుకపోతారు.

కథ అయిపాయ. ఇంట్లో గాజులుంటే తెచ్చుకోండి. వేళ్ళకు తగిలించి చెయ్యి చాపండి. ఏం వినబడింది?