గాజు గిన్నెలో మూడు ఈగలు

షబ్బీర్ మూట కట్టుకున్నాడు. పోయేవాడు నోరు మూసుకుని పోవచ్చు కదా, పోలేదు. గాలపు కర్రను గోడకేసి కొట్టి విరిచాడు. చేపల్ని తిట్టాడు, ఏటిని తిట్టాడు. అవి పలకవు కాబట్టి గురువు వాకిట్లో నిలబడి గొంతు చించుకున్నాడు.

"నా దగ్గర ఏదో దాస్తున్నారు బాబా! మూడేళ్ళ నుంచీ దాస్తున్నారు!"

ఆ గురువు సమద్ బాబా. కాశ్మీరు కొండల్లో ఏటి ఒడ్డున గుడిసె వేసుకున్న ఫకీరు. తాను పట్టిన చేపలతోనే బాటసారులకు అన్నం పెట్టేవాడు. ఆయన గాలానికి ఎర గుచ్చడు. కొక్కేనికి ఈకో, వెంట్రుకో చుట్టి బొమ్మ ఈగ కడతాడు. అది నీటి మీద తేలుతుంటే చేప నిజం ఈగే అనుకుని నోట కరుచుకుంటుంది.

షబ్బీర్ శిష్యుడిగా చేరిన రోజునే ఆయన చెప్పాడు: "నువ్వు కట్టిన ఈగకి ఒక్క చేప పడిన రోజు, కింది ఊళ్ళో నీ గుడిసె నువ్వు వేసుకో. బాటసారులకి నువ్వు పెట్టు."

ఒక్కటంటే ఒక్కటి పడలేదు. గురువు కట్టిచ్చిన ఈగకైతే అదే మడుగులో, అదే షబ్బీర్ చేతికి చేపలు ఎగబడేవి. అదీ అతని కడుపుమంట. ఆయన ఈగలో ఏముంది గనక? ముసలి మేక గడ్డం వెంట్రుకలు నాలుగు. తనదో! లకుముకి పిట్ట నీలం ఈక, జరీ పోగు, ఎర్ర పట్టుదారం. చూసినవాళ్ళంతా ఆహా అన్నారు, ఒక్క చేపలు తప్ప.

సమద్ బాబాకీ కోపం తక్కువేం కాదు.

"దాస్తున్నానా? రా, చూపిస్తాను!"

లోపలికి వెళ్ళి గాజు గిన్నె తెచ్చాడు. అందులో పెరుగుంది. దాన్ని అలాగే గడ్డిలో పారబోశాడు. గిన్నె కడిగి, రెండు కట్టెల మోపులు దగ్గరగా జరిపి వాటి మీద పెట్టి, నీళ్ళు నింపాడు. షబ్బీర్ ఈగ ఒకటి, తనది ఒకటి, ఒడ్డున ముసిరే నిజం ఈగ ఒకటి ఆ నీళ్ళ మీద వదిలాడు.

"గిన్నె కింద పడుకో."

"బాబా, నేను వెళ్ళిపోతుంటే..."

"పడుకోరా!"

షబ్బీర్ పళ్ళు కొరుకుతూ మోపుల మధ్య తల పెట్టి పడుకున్నాడు. గిన్నె అడుగులోంచి ఆకాశం తెల్లగా కనిపించింది. దానికి అడ్డంగా మూడు నల్లటి మచ్చలు.

"నీలం ఈక కనబడుతోందా?"

"లేదు."

"జరీ?"

షబ్బీర్ మెడ చాచి వెతికాడు. అదీ లేదు.

"నీది ఏది?"

"ఇంకేది, ఆ లావుది," అన్నాడు విసురుగా. చూడగానే తెలిసిపోయింది. కొక్కెం దబ్బనంలా వేలాడుతోంది.

"మరి నాది?"

మిగిలిన రెండింట్లో కొక్కెం జాడే లేదు. రెండింటినీ చాలాసేపు చూశాడు. కళ్ళు చిట్లించాడు. చివరికి, "కుడివైపుది," అన్నాడు.

కుడివైపుది రెక్కలు విదిల్చి ఎగిరిపోయింది.

"నీది నువ్వు పోల్చుకోలేని రోజున వెళ్దువుగాని," అన్నాడు సమద్ బాబా. ఇంత పెరుగూ మట్టిపాలైందని తనను తానే తిట్టుకుంటూ లోపలికి పోయాడు.

షబ్బీర్ గిన్నె కింద నుంచి లేవలేదు.