మెరక మీది ఇల్లు

అనగనగా, వర్తకులు ఎద్దుబళ్ళ మీద సరుకులు వేసుకుని కొండలు దాటే కాలంలో, నీలివాగు ఒడ్డున ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో తిరువేంగమ్మ, అక్కన్న అనే ఆలుమగలు బట్టలకు రంగులద్ది బతికేవారు.

ఒక వానాకాలం వాళ్ళ ఇల్లు కూలిపోయింది. తీపిగా మాట్లాడాడని ఎవరికో పని అప్పగిస్తే, రెండేళ్ళు తిరక్కుండానే గోడ జారి కప్పు కూర్చుండిపోయింది. అక్కన్న తల్లిని దూలం కింది నుంచి బయటికి లాగేసరికే ఆమె కాలు విరిగిపోయి ఉంది. ముగ్గురూ బంధువుల గొడ్లచావిడిలో తలదాచుకున్నారు.

"ఇంకోసారి ఇలా జరిగితే అమ్మ బతకదు," అన్నాడు అక్కన్న.

"అందుకే ఈసారి మాటలు విని పని ఇవ్వొద్దు. కట్టిన ఇళ్ళు చూసి ఇద్దాం," అంది తిరువేంగమ్మ.

కబురు తెలిసి ముగ్గురు మేస్త్రులు వచ్చారు.

మొదటివాడు శృంగారయ్య. భుజాన పట్టు కండువా. పుల్లతో నేల మీద స్తంభాలు, చిలకలు గీసి చూపించాడు. "మీ ఇంటిని చూసి రాజుగారే ముచ్చట పడాలి," అన్నాడు.

రెండోవాడు పెద్దిరాజు. "వచ్చే పున్నమికి పాలు పొంగించుకోండి. అంత త్వరగా కట్టేవాడు ఈ సీమలో లేడు," అన్నాడు.

మూడోవాడు కోనప్ప. అతడు ఏమీ గీయలేదు. "వాన నీళ్ళు ఎటు పోతాయమ్మా ఇక్కడ?" అని అడిగాడు. విని, "ఇప్పుడు నేల తడిగా ఉంది. వానలు వెనకబట్టాక పునాది తీద్దాం. అంతదాకా మీరు ఓర్చుకోవాలి," అన్నాడు.

అక్కన్న మొహం చిన్నబోయింది.

మరునాడు ముసురు పట్టింది. తిరువేంగమ్మ తలపై తాటాకు గొడుగు, చంకన చీరల మూట పెట్టుకుని బయలుదేరింది. చీరలమ్మే మనిషిని ఏ ఇల్లాలు లోపలికి పిలవదు?

శృంగారయ్య కట్టిన ఇంటి గడప మీద చెక్కిన హంసలు నిజంగా అందంగా ఉన్నాయి. కానీ ఆ ఇల్లాలు గది గదికీ కుండలు పెట్టి కారే నీళ్ళు పడుతోంది. "గడప చూసి మురిసిపోయాం. తలుపు మాత్రం మూసుకోదు," అంది.

పెద్దిరాజు కట్టిన ఇంటి గోడలు బీటలు వారాయి. "ఎన్నిసార్లు కబురంపినా రాడు. ఇప్పుడు మా వీధి మొహమే చూడడం మానేశాడు," అన్నాడు ఆ ఇంటాయన.

కోనప్ప కట్టిన ఇల్లు మామూలుగా ఉంది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ అతడి పేరెత్తగానే విసుక్కుంది.

"మహా మొండివాడమ్మాయీ. గోడ సగం లేచాక, ఇటుక సరిగా కాలలేదని తానే పడగొట్టాడు. మా మనవరాలి పెళ్ళి ఈ ఇంట్లో చేయాలనుకున్నాం. కుదరలేదు. నెల్లాళ్ళు వాడితో మాట్లాడలేదు నేను."

"ఇప్పుడో అవ్వా?"

ముసలమ్మ తలెత్తి, చుక్క కారని కప్పు వంక చూసింది. "ఇప్పుడా? వాన కురుస్తోందన్న సంగతే గుర్తుండదు," అంది.

తిరువేంగమ్మ చావిడికి తిరిగొచ్చి కోనప్పకు కబురంపింది.

వానలు వెనకబట్టాయి. కోనప్ప వచ్చి, ఆమె కోరిన చోట, వాగు పక్కనే తవ్వి చూశాడు. గుప్పెడు మట్టి తీసి నలిపాడు.

"ఇది ఒండ్రు. ఒకప్పుడు వాగు పారిన దారి ఇది. ఇక్కడ వద్దు తల్లీ, పైన మెరక మీద కడతాను."

తిరువేంగమ్మకు కోపం వచ్చింది. "తడి బట్టల మోపు ఎత్తుకుని రోజూ ఆ మెరక ఎక్కాలా? నా నడుం ఏం కావాలి?"

"నడుం నొప్పి నిజమే. మెట్లు కడతాను. మధ్యలో మోపు దించుకోవడానికి చిన్న అరుగూ కడతాను. ఇక్కడ మాత్రం కట్టను. కాదంటే ఇంకొకరిని పిలుచుకోండి."

అక్కన్న భార్య వంక చూశాడు. ఆమె వాగు వంక చూసింది, మెరక వంక చూసింది. ఊరంతా తిరిగి తానే ఎంచుకున్న మనిషి అతడు. తనకు ఇష్టంలేని మాట చెప్పగానే అపనమ్మకం ఎందుకు కలగాలి?

"సరే, పైనే కట్టు," అంది.

మరుసటి ఏడు నీలివాగు ఎన్నడూ లేనంతగా పొంగింది. కింద ఒండ్రు నేలంతా కోసుకుపోయింది. పల్లెలో ఇళ్ళు మునిగినవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని మెరక ఎక్కి వచ్చారు. తిరువేంగమ్మ ఇల్లు జనంతో నిండింది. పొయ్యి మీద పెద్ద కుండలో గంజి కాగుతోంది. అక్కన్న తల్లి తన మంచం మీద ముగ్గురు పసివాళ్ళకు చోటిచ్చి, కథ చెబుతోంది.

వాన కాస్త తెరిపివ్వగానే కోనప్ప తడిసి ముద్దై వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా గోడల వెంట అరచెయ్యి ఆనిస్తూ ఇల్లంతా తిరిగాడు. తిరిగి తిరిగి చివరికి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"నువ్వు రాకపోయినా నిలిచేదే కోనప్పా," అంది తిరువేంగమ్మ, గంజి ముంత అందిస్తూ.

"నేను చూసుకోవాలి కదమ్మా," అన్నాడు అతడు.

పిల్లలూ, తీపి మాటలకు మురిసిపోక చేసిన పనిని చూసి మనిషిని నమ్మాలి. నమ్మాక, అతడు చెప్పే చేదు నిజాన్ని కూడా వినాలి.