గడప దాకా అలుకు

జమున సూరత్ నుంచి అంత దూరం వచ్చింది అడగడానికి కాదు, చెప్పడానికి. చెప్పి, గురువు దీవెన పుచ్చుకుని, అటునుంచి అటే ఊరికి పోయి, కూలిపోయిన అవ్వ ఇంటి జాగాలో మళ్లీ మట్టిగోడలు లేపాలని ఆమె పట్టుదల. సంచిలో పిల్లలిద్దరిని బడి మాన్పించే కాగితాలున్నాయి. పోరు పడలేక మగడు సంతకం పెట్టేశాడు. ఆమె సంతకం ఒక్కటే మిగిలింది.

చెన్నదాసు గురువు కుటీరం ముందు కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. కుటీరమంటే ఒకే ఒక్క మట్టిగది. సిమెంటు చేయిస్తామని శిష్యులు ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నా ఆయన వినడు. పున్నమి భజన రోజు పొద్దున ఎవరో ఒక శిష్యురాలు ఎర్రమట్టి, పేడ కలిపి ఆ నేల అలకాల్సిందే. ఆ రోజు వంతు ముసలి కొమురవ్వది. ఆమె అప్పటికే చెట్టు కింద గంపెడు మట్టి నానబెట్టి, తొక్కుతూ ఉంది.

జమున మొక్కి లేచింది.

"అయ్యా, పిల్లల్ని తీసుకొని ఊరికొచ్చేస్తున్న. ఆ మూడో అంతస్తుల, ఆ మరమగ్గాల చప్పుడుల నా పిల్లలు పెరగొద్దు. మట్టింట్ల పెరగాలె. నులక మంచం మీద పండుకోవాలె. తాటిబుర్రల బండి నూకాలె. ఎవలేమన్నా నేను ఆగ."

"నిన్ను ఆపిందెవరు?" అన్నాడు గురువు.

"అందరూ. మా ఆయన, మా అత్త, గల్లీ గల్లంత. పిచ్చి లేసిందంటున్నరు."

"పిల్లలేమంటున్నరు?"

"చిన్నోడు తేజు బడిల గుడిసె బొమ్మ గీసిండు. గీసి, 'మమ్మీ, ఇసొంటి దాంట్ల నిజంగ మనుషులుంటరా?' అన్నడు. ఆ దినం నాకు బువ్వ పోలేదయ్యా."

"పెద్దది?"

జమున తల తిప్పుకుంది. "భవ్యకు తొమ్మిదేండ్లు. దానికేం ఎరుక? రానంటది. మట్టంటే రోగాలొస్తయట. ఎవలు నేర్పిన్రో."

నేర్పింది తానేనని జమునకు తెలుసు. నీళ్లు రెండుసార్లు వడకట్టేది తాను. బిస్కెట్ ప్యాకెట్ మీద తారీఖు చూడనిదే పిల్లల చేతికి ఇవ్వనిది తాను. తేజు ఒకసారి దగ్గితే మూడుసార్లు లేచి నుదురు తడిమి చూసేది తాను. ఊరు కాని ఊళ్లో, భాష కాని భాషలో పిల్లల్ని పెంచుతుంటే అడుగడుక్కీ ఏదో తప్పు చేస్తున్నానేమోనన్న బెదురు. ఆ బెదురు మరీ ముదిరినప్పుడల్లా ఆమెకు అవ్వ ఇల్లు గుర్తొచ్చేది. గూనపెంకుల కింద చల్లటి నీడ. అలికిన నేల తడి వాసన. అక్కడ ఎవరూ దేనికీ భయపడినట్టు ఆమెకు గుర్తు లేదు.

"సరే," అన్నాడు చెన్నదాసు. "దీవెనకేం తొందర? నేల అలుకు. తర్వాత మాట్లాడుకుందాం. అలుకుడు వచ్చునా నీకు?"

జమునకు రోషం వచ్చింది. "నేను మట్టింట్ల పుట్టినయ్యా!"

"పుట్టంగనే చేతికి అలుకుగుడ్డ ఇచ్చిన్రా ఏందే?" అంది కొమురవ్వ, మట్టి తొక్కడం ఆపకుండానే.

 జమున కొంగు నడుముకు బిగించి, తొక్కిన మట్టి గంపకెత్తుకుంది.

"ఆ సంచి గడప బయట పెట్టు. మట్టయితది," అన్నాడు గురువు.

ఆమె సంచి పెట్టి, గడప దాటి, గుమ్మం పక్కనే, గడప వైపు తిరిగి మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టింది.

కొమురవ్వ ఏదో అనబోయింది. గురువు నోట్లోని వేపపుల్ల తీసి, అడ్డంగా ఊపాడు. కొమురవ్వ నోరు మూసుకుని, కొంగు అడ్డం పెట్టుకుంది.

చెయ్యి తిప్పిన కొద్దీ చంద్రవంకల్లాగా వరసలు పడుతున్నాయి. ఎన్నేళ్లయింది మట్టి ముట్టి! పేడ వాసనకు ఆమె గుండె నిండిపోయింది. కళ్లు చెమర్చాయి. రమ్మను, ఇప్పుడు రమ్మను ఆ గల్లీవాళ్లందరినీ! ఎవరిది పిచ్చో చూద్దురుగాని. ఆమె తలెత్తలేదు. వరస వెనక వరస, లోపలికి లోపలికి జరుగుతూ పోయింది.

గోడ వీపుకు తగిలితేనే ఆగింది.

తలెత్తి చూసింది. గుమ్మం నుంచి తన మోకాళ్ల దాకా నేలంతా ఎర్రగా, తడిగా, అద్దంలా మెరుస్తోంది. తాను మాత్రం ఎదురు మూలన, కూర్చున్నంత మేర పొడి జాగాలో, గంపతో సహా ఇరుక్కుపోయింది.

బయట కొమురవ్వ ఇక ఆపుకోలేకపోయింది. "ఓ మట్టింటి బిడ్డా! రెక్కలున్నయా ఎగిరొచ్చేందుకు?"

జమున చెవులు వేడెక్కాయి. "ఆరేదాకా ఈడ్నే కూసుంట!" అంది మొండిగా.

"పొద్దుగూకుతదే!"

"గూకనియ్యి. దీని మీద మాత్రం అడుగు పెట్ట."

"కూసోనియ్యి," అన్నాడు గురువు.

కూర్చుంది. మోకాళ్లు కౌగిలించుకుని అవ్వ ఎలా అలికేదో తలచుకుంది. గుర్తులేకపోవడమేం, కళ్లముందే ఉంది. బడి నుంచి వచ్చేసరికి అవ్వ గడప దగ్గరే అలుకుతూ ఉండేది. "లోపటికి రాకే, అడుగులు పడతయ్" అనేది. మరి తానూ గడప దగ్గరే కదా మొదలుపెట్టింది?

అవ్వ ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. ముడివేసిన నెరసిన జుట్టు వచ్చింది. చెమటకు తడిసిన రవిక వీపు వచ్చింది. గడప వైపుకు జరుగుతూ వస్తున్న పగిలిన మడమలు వచ్చాయి. ఎంత వెతికినా ముఖం మాత్రం రాలేదు; గడప వైపు ఎప్పుడూ అవ్వ వీపే.

అంతలో సంచిలో ఫోన్ మోగింది.

జమున ఉలిక్కిపడింది. భవ్య బడికి పోయే ముందు చేసే ఫోన్ పొద్దున్నే వచ్చింది, అయిపోయింది. ఇప్పుడు పిల్లలు బడిలో ఉండాలి. ఈ వేళప్పుడు ఫోనెందుకు?

"అయ్యా, జర చూడరాదయ్యా, ఎవలో!"

చెన్నదాసు సంచి వైపు చూశాడు. ముట్టుకోలేదు. ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"కొమురవ్వా, నువ్వన్న ఎత్తు! తేజుకు ఏమన్నైందో ఏమో!"

కొమురవ్వ గురువు ముఖం చూసింది. గురువు ఆకాశం చూశాడు.

మూడోసారి మోగింది. జమున లేచింది. అంతసేపూ అంత ముద్దుగా అలికిన నేల మీద అయిదంగల్లో, జారుతూ, పాదాలు దిగబడుతూ గడప దాటి సంచి మీద పడింది. మట్టి చేతులతోనే ఫోన్ చెవికి పెట్టుకుంది.

"మమ్మీ, తేజుగాని నీళ్ల బాటిల్ మూత ఏడ పెట్టినవ్?" అంది భవ్య. "బడిల ఇయ్యాల పూట సెలవిచ్చిన్రు. వాడు మూత కోసం ఒకటే ఏడుపు."

జమునకు ఊపిరి వచ్చింది. "స్టవ్ ఎనకాల చూడు."

"దొరికింది."  అటునుంచి గొంతు గట్టిపడింది. "మమ్మీ, కాగితాల మీద సంతకం పెట్టినవా? పెట్టినా నేను రాను. చెప్తున్న."

ఆ మొండితనం జమున ఎక్కడో విన్నదే. ఇందాక ఎదురు మూల నుంచి, తన నోటే విన్నదే.

"నువ్వు ముందు తమ్మునికి నీళ్లు తాపు," అని ఫోన్ పెట్టేసింది.

వెనక్కి తిరిగి చూసింది. మూల నుంచి గడప దాకా అయిదు అడుగులు, పాదానికి పాదం, వేళ్లతో సహా అచ్చుపడి ఉన్నాయి. కొమురవ్వ నవ్వలేదు.

జమున ఆ అడుగుల్లోనే అడుగులేస్తూ మళ్లీ లోపలికి నడిచింది. ఎదురు మూలకు పోయి గోడకు ముఖం పెట్టి, గడపకు వీపు పెట్టి కూర్చుంది. మూలన మిగిలిన పొడి జాగాను ముందు అలికింది. తర్వాత వెనక్కి జరిగింది. చెయ్యి ముందు తిరుగుతోంది, మడమలు వెనక్కి వస్తున్నాయి. ఒక్కొక్క అడుగుజాడ దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, దాని మీద చెయ్యి తిప్పింది.

మడమలకు గడప తగిలింది. లేచి, వెనక్కే దాటి, బయట నిలబడింది.

"అయ్యా, నాకు ఇంత ఎర్రమట్టి కావాలె," అంది.

"ఊర్ల ఎర్రమట్టికి కరువా?"

"ఊరికి గాదు. సూరత్‌కు. మా ఇంటి ముంగటి గ్యాలరీ అలుకుత. పిల్లలిద్దరితోని అలికిపిస్త. గల్లీ గల్లంత వచ్చి నవ్వినా సరే, ఆగ."

కొమురవ్వ ముక్కు మీద వేలేసుకుంది. "సిమెంటు మీద అలుకు నిలుస్తదానే? ఆరంగనే పెచ్చులూడుతది!"

"ఊడనియ్యి. ఊడినప్పుడల్లా అలుకుత. ఊడి ఊడి దానికే బుద్ధి రావాలె."

చెన్నదాసు లేచాడు. మట్టిదిబ్బ దగ్గరికి తానే పోయి రెండు దోసిళ్ల పొడి మట్టి తెచ్చాడు.

"పొట్లం కట్టేందుకు కాగితమేమన్న ఉన్నదా?" అన్నాడు.

జమున సంచిలోకి చెయ్యి పెట్టింది. చేతికి తగిలినవి బయటికి తీసి, విప్పి, ఒకదాని మీద ఒకటి పరిచి పట్టుకుంది. గురువు మట్టి పోశాడు. మగడి సంతకం మీద ఎర్రటి గుట్ట లేచింది. ఆమె నాలుగు మూలలూ మడిచి, నారతో గట్టిగా బిగించింది.

"దీవెన, అయ్యా," అంది వంగి.

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. మట్టి చెయ్యి. నెరుస్తున్న పాపిట ఎర్రబడింది.

"ఈసారి యాడికెంచి మొదలువెడ్తవు బిడ్డా?"

జమున ఎదురు మూల వైపు చెయ్యి చూపింది. ఆమె కాళ్లు గడప బయట ఉన్నాయి. ముఖం గదిలోకి ఉంది.