సుంకమ్మవ్వ కర్రకు బ్యాటరీ

ఓబులేసు చేసిన కర్ర వారం తిరక్కముందే మూగబోయింది.

అది మామూలు కర్ర కాదు. ముందు రాయో గోడో అడ్డం ఉంటే గుయ్యిమంటుంది. నారపసామి ఆశ్రమంలో పూలు కట్టే సుంకమ్మవ్వకు చూపు లేదు. వంక నీళ్లలో స్నానానికి పోవాలన్నా ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకోవాలి. ఆ చెయ్యి ఖాళీ అయ్యేదాకా కూర్చోవాలి. ఒక్కసారైనా ఎవర్నీ అడక్కుండా వంక దాకా పోయి రావాలని ఆమె కోరిక. అందుకోసమే సామి శిష్యుడు ఓబులేసు కర్నూల్లో సామాన్లు కొని, ప్లాస్టిక్ పైపు కోసి ఈ కర్ర తయారుచేశాడు. కరెంటు పని అతనికి ఏ బడీ నేర్పలేదు. షాకులే నేర్పాయి. కొన్ని పాఠాలు రెండేసిసార్లు చెప్పాయి.

తీరా ఒక పొద్దు కర్ర గుయ్యిమనలేదు. అవ్వ నుదురు గొడ్లపాక గుంజకు కొట్టుకుంది. ఆమె కర్రను అటక మీద పెట్టేయమని చెప్పి, మళ్లీ ఎవరి చెయ్యి ఖాళీగా ఉందో అడగడం మొదలుపెట్టింది.

ఓబులేసుకు అది గుచ్చుకుంది. తప్పు తనది కాదని చెప్పుకోవడానికి సామి దగ్గరికి వెళ్లాడు. అవ్వ చార్జింగు పెట్టడం మానేసిందనీ, ముసలివాళ్లకు కొత్త వస్తువంటే భయమనీ, ఇంతకు రెండింతల బ్యాటరీ వేస్తే ఊరికూరికే చార్జింగు పెట్టే పని తప్పుతుందనీ, కాకపోతే కర్ర రోకలంత బరువవుతుందనీ చాలాసేపు వివరించాడు. బ్యాటరీల గురించి చెబితే వినేవాళ్లు అతనికి దొరకడం అరుదు. అవ్వ ఆ వసారాలోనే ఓ పక్కన పూలు కడుతోంది. చూడలేని మనిషికి వినపడదు అనుకున్నాడేమో.

అంతా విన్నాక, చార్జింగు ఎట్లా పెడతారో చూపించమన్నాడు సామి. ఓబులేసు హుషారుగా కర్రా చార్జరూ తెచ్చి ముందు పెట్టుకొని కూర్చున్నాడు. సామి తన భుజం మీది తువ్వాలుతో అతని కళ్లకు గంతలు కట్టాడు.

“ఊ, కానీ.”

చార్జరుకు రెండు వైర్లు, రెండు క్లిప్పులు. వేళ్లకు రెండూ ఒకటే. ఓబులేసు ఒకటి పట్టుకున్నాడు, వదిలేశాడు, ఇంకోటి పట్టుకున్నాడు. నుదుటికి చెమట పట్టింది.

“తారుమారైతే నిప్పులు లేస్తాయి సామీ.”

“అవ్వకు చెప్పినావా?”

“చెప్పినా సామీ. ఎర్రది ఎర్రదానికే పెట్టమని...”

మాట సగంలో ఆగిపోయింది.

అవ్వ దారం ముడివేస్తూ అంది. “నిండితే లైటు పచ్చగా అయితాదని గూడా చెప్పినాడు సామీ. మంచి పిల్లోడే.”

సామి గంతలు విప్పలేదు. ఓబులేసూ విప్పుకోలేదు. అట్లాగే కూర్చొని, కర్రను పిడి నుంచి కింది దాకా వేళ్లతో తడుముతూ ఉండిపోయాడు, వేరేవాళ్లు చేసిన కర్రను చూస్తున్నట్టు.

మర్నాడు కర్నూల్లో కొట్టువాడు ఉన్నవాటిలోకెల్లా పెద్ద బ్యాటరీ తీశాడు. గంటలో నింపేస్తుందని, రంగురంగుల లైట్లున్న చార్జరు చూపించాడు. ఓబులేసు కళ్లు మూసుకొని చెయ్యి చాపి, ఒక్కొక్కటే చేతికివ్వమన్నాడు. కొట్టువాడు ఒక అడుగు వెనక్కి వేసి, ఆ తర్వాత ఇచ్చాడు. చివరికి ఓబులేసు తీసుకున్నది చిన్న బ్యాటరీ. దాని పిన్ను ఒక్క వైపే దూరుతుంది, తిప్పి పెడితే ఎంత తోసినా పోదు. బ్యాటరీ నిండగానే చార్జరు తనంతట తానే ఆగిపోతుంది. రోజూ రాత్రి పెట్టాల్సిందే. కానీ కర్ర తేలిగ్గా ఉంటుంది.

ఆ సాయంత్రం దాన్ని కర్రకు బిగించి ఇస్తే, అవ్వ పిన్నును బొటనవేలితో ఒకసారి తడిమి, టక్కున గుచ్చింది. ఎట్లా అని ఎవర్నీ అడగలేదు.

తెల్లారి చీర చంకన పెట్టుకొని, కర్ర పట్టుకొని బయల్దేరింది. గొడ్లపాక దగ్గర కర్ర గుయ్యిమంది. అవ్వ ఆగి, గుంజ పక్కనుంచి తప్పుకొని, దారిలోకి దిగింది.

ఓబులేసు గబగబా లేచి చెప్పులేసుకున్నాడు.

“యాడికి?” అన్నాడు సామి.

“అవ్వకు తోడు సామీ. దావలో రాళ్లుంటాయి గదా.”

“పిలిచిందా?”

ఓబులేసు చెప్పులు విడిచి కూర్చున్నాడు. వంక వైపు నుంచి గుయ్యిమని వినిపించింది. ఆగింది. కాసేపటికి ఇంకా దూరం నుంచి, ఇంకోసారి.