దివాను కూర్చోని పీఠం

"వకుళా!" భటుడి కేకకు సభంతా ఉలిక్కిపడింది. కూతురు వకుళ చెయ్యి పట్టుకుని కుమ్మరి ఓబుళమ్మ ముందుకొచ్చింది.

ఆ రాజ్యంలో పిల్లలు ఇళ్లలోనే కూర్చుని, ఓబుళమ్మ చేసిన మట్టిగొట్టాల్లోంచి కొండమీది గురువుగారితో మాట్లాడి చదువుకునేవారు. వాళ్ల మాటలు పిల్లనగ్రోవి పాటల్లా కొండెక్కేవి. "రాజు తప్పు చేస్తే ఎవరు చెప్పాలి?" అని వకుళ ఒకనాడు గొట్టంలో అడిగింది. అది దివాను చెవిన పడింది. ఇక పిల్లకు దేశబహిష్కారమే.

"ఈ పిల్ల అడిగిన మాట గురువే నాకు చెప్పాడు మహారాజా," అన్నాడు దివాను, నిలబడే.

"కూర్చుని చెప్పండి బాబూ," అంది ఓబుళమ్మ.

రాజు కూడా కూర్చోమన్నాడు. దివాను తన పీఠం వంక చూసి చెమటలు కక్కాడు గానీ కూర్చోలేదు.

"మహారాజా, దివానుగారి పీఠం పరుపులో తేలు దూరిందని పొద్దున నా బిడ్డ చేత గొట్టంలో అబద్ధం చెప్పించాను. అంతకుముందే గురువుగారి వైపు గొట్టం మూతిని బంకమట్టితో మూసేశాను. ఆయనకు వినబడే దారే లేదు. మరి ఈయనకెలా తెలిసింది?"

రాజు పీఠం వైపు వేలు చూపించాడు.

దివాను మోకాళ్ల మీద కూలబడ్డాడు. "గొట్టానికి కన్నం పెట్టింది నేనే ప్రభూ. రోజూ పిల్లల మాటలు వింటున్నాను."